అయ్యగారి జీతం ఎంతో మీరు రాయలేదు

ప్రశ్న: మాది చిన్న సంఘం. ఆదివారం ఆరాధనకు ఎనభై, తొంభై మంది వస్తాం. పాస్టర్ గారు 22 ఏళ్ల క్రితం నాలుగు కుటుంబాలతో ఈ సేవ మొదలుపెట్టారు. అప్పటినుంచీ ఆరాధన అయ్యాక చందా సంచి నేరుగా ఆయన ఇంటికే వెళ్తుంది. మందిరం అద్దె, కరెంటు బిల్లు, బయటినుంచి వచ్చే ప్రసంగీకుల దారి ఖర్చులు, కష్టంలో ఉన్నవాళ్లకు సాయం, అన్నీ ఆయనే చూసుకుంటారు. పుస్తకం అంటూ ఏమీ లేదు. ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అనుమానించలేదు. కానీ రెండేళ్లుగా సొంత మందిరం కోసం వేరుగా కానుకలు పోగుచేస్తున్నాం. ఆ డబ్బు కూడా ఆయన సొంత అకౌంట్‌లోనే ఉంది. ఈమధ్య అమ్మగారికి (పాస్టర్ గారి భార్యకు) ఆపరేషన్ అయితే అందులోంచి కొంత వాడారు. ఆయనే చెప్పారు, దాచలేదు. అయినా గుసగుసలు మొదలయ్యాయి. ఇద్దరు ముగ్గురు కానుక వేయడం మానేశారు. నేను ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను కాబట్టి పెద్దలు నన్ను ట్రెజరర్‌గా పెట్టారు. మొదటి మీటింగ్‌లోనే పాత లెక్కలు అడిగాను. అయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నేళ్లకు నేను దొంగనయ్యానా నాయనా?" అని లేచి వెళ్లిపోయారు. దైవజనుడిని లెక్క అడగడం పాపమని మా అమ్మ అంటోంది. నిజంగా అవిశ్వాసమేనా ఇది? నేనేం చేయాలి? ఇంకో మాట. బిల్డింగ్ ఫండ్‌ను తనకు తెలిసినచోట పెడితే ఆరు నెలల్లో రెట్టింపు అవుతుందని సంఘంలో ఒక బ్రదర్ అంటున్నారు. పెట్టొచ్చా?

— ఒక సంఘ ట్రెజరర్

సమాధానం: బ్రదర్, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ చేతిలో పట్టుకుని చదివాను. అద్దె ఉంది, కరెంటు బిల్లు ఉంది, ప్రసంగీకుల దారి ఖర్చు ఉంది, బీదలకిచ్చే సాయం ఉంది. అయ్యగారి జీతం మాత్రం ఎక్కడా లేదు. లెక్కలు చూసే మనిషి మీరు, అంకె ఉంటే రాసే ఉండేవారు. అసలు లేదు కాబట్టే రాయలేదని నా అంచనా.

ఆ అంచనా నిజమైతే, మీ సంఘానికి పుస్తకం లేకపోవడం రెండో చిక్కు. మొదటిది వేరే ఉంది. ఒక కుటుంబం నెలకు ఎంతలో బతకాలో 22 ఏళ్లుగా ఆ సంఘం కూర్చుని తేల్చలేదు. తేల్చకుండా సంచి తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పెట్టి "మీ ఇష్టం అయ్యగారూ" అని వచ్చేసింది. చూడటానికి గౌరవంలాగే ఉంటుంది. నాకైతే అందులో సగం గౌరవం, సగం బాధ్యత దులిపేసుకోవడం కనిపిస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఏం జరుగుతూ ఉండేదో ఒకసారి ఊహించుకోండి. సంచి బోర్లించారు. నోట్లు ఒక పక్క, చిల్లర ఒక పక్క. అందులో మందిరం అద్దె ఉంది. ఎవరో విధవరాలికి ఇస్తానన్న మందుల డబ్బు ఉంది. పిల్లల ఫీజు ఉంది. అమ్మగారి చెప్పులు తెగి నెలయింది, ఆ చెప్పుల డబ్బూ అందులోనే ఉంది. ఏ నోటు దేనికో దాని మీద రాసి ఉండదు కదా. మనిషి నిజాయితీపరుడైతే ముందు అద్దె తీసి పక్కన పెడతాడు, తర్వాత మందుల డబ్బు, మిగిలినదాంట్లో ఇల్లు. ఆ వారం కానుక బాగా వస్తే చెప్పులు, లేకపోతే లేదు. ఇలా 22 ఏళ్లు నెట్టుకొచ్చిన మనిషిని మీరు అందరి ముందూ పాత లెక్కలు ఇమ్మన్నారు. ఆయన దగ్గర పుస్తకం లేదు. ఎన్నిసార్లు తన ఇంటి అవసరాన్ని వెనక్కి నెట్టారో ఆ జ్ఞాపకం ఒక్కటే ఉంది. దాన్ని ఏ పద్దు కింద రాసి చూపిస్తారు? అందుకే లేచి వెళ్లిపోయారు.

ఆయన పక్షం తీసుకుంటున్నానని అనుకోకండి. ఇదే ఏర్పాటులో చేతివాటం ఉన్న మనిషి ఉన్నా బయటికి అచ్చం ఇలాగే కనిపిస్తుంది. పుస్తకం లేనిచోట మంచివాడికీ దొంగకూ తేడా చూపించే కాగితం ఒక్కటి కూడా ఉండదు. ఇందులో నష్టపోయేది మంచివాడే.

ఇక మీ తల్లిగారి మాట. ఆమెకు కోపంగా జవాబు చెప్పకండి, ఆ తరం అలాగే పెరిగింది. ఒకటి మాత్రం అడగండి, పౌలు దైవజనుడేనా అని. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం సంఘాలు పోగుచేసిన కానుక విషయంలో పౌలు ఒక్కడే సంచి పట్టుకుని బయల్దేరలేదు. ఆ ప్రయాణానికి తోడుగా ఒక సహోదరుణ్ణి సంఘాలే ఏర్పరచాయి. ఎందుకో కూడా రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో రాశాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో మమ్మల్ని ఎవరూ తప్పుపట్టకూడదు, ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలి అన్నది దాని సారాంశం. "నా సంగతి దేవుడికి తెలుసు, చాలు" అని పౌలే అనలేదు.

నిర్గమకాండం 38వ అధ్యాయం మనం చదివేటప్పుడు గబగబా దాటేస్తాం. ఇశ్రాయేలీయులు ఆరాధన కోసం ఎడారిలో కట్టుకున్న ప్రత్యక్ష గుడారం పని అయ్యాక అందులో వాడిన బంగారం ఎంత, వెండి ఎంత, ఇత్తడి ఎంత, ఏది దేనికి వెళ్లింది, అంతా అక్కడ లెక్క ఉంది. 1775 తులాల వెండి స్తంభాల వంకులకు వెళ్లిందని కూడా ఉంది. ఆ లెక్క రాయించింది మోషే. దీని మీద యూదుల పాత వ్యాఖ్యానాల్లో ఒక కథ చెబుతారు. లెక్క అప్పజెప్పేటప్పుడు ఆ 1775 తులాలు ఎటు పోయాయో మోషేకు గుర్తు రాలేదట. ఇక జనం నేనే తీసుకున్నానంటారని దిగులుపడి కూర్చున్నాడట. తలెత్తి చూస్తే వంకులు కనిపించాయట. కథ కథే అనుకోండి. కానీ దేవునితో ముఖాముఖి మాట్లాడిన మనిషికి కూడా లెక్క తేలకపోతే కంగారు పుట్టిందని ఊహించారు చూడండి, ఆ ఊహ కట్టినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు కానుకల డబ్బు చూసినవాళ్లే అయ్యుంటారు.

మీతో వాదించేవాళ్లు మాత్రం ఒక వచనం పట్టుకొస్తారు, ముందే సిద్ధంగా ఉండండి. రెండో రాజుల గ్రంథం 12వ అధ్యాయం 15వ వచనం. ఆలయం బాగుచేయించిన మనుషులు నమ్మకస్తులు కాబట్టి వాళ్లను లెక్క అడగలేదని అక్కడ ఉంది. నిజమే, ఉంది. అయితే అధ్యాయం మొదటినుంచి చదవమనండి. యోవాషు రాజైన 23వ ఏట వరకు ఆలయానికి వచ్చే సొమ్ము యాజకుల చేతికే వచ్చేది, మరమ్మతులు వాళ్లే చేయించాలి. మరమ్మతు జరగలేదు. డబ్బు తిన్నారని అక్కడ రాసి లేదు. రెండు పనుల డబ్బు ఒకే చేతిలో ఉంది, ఒక పని ఆగిపోయింది, అంతే. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేయించి, బలిపీఠం దగ్గర కుడివైపు పెట్టించాడు. ద్వారం కాసే యాజకులు వచ్చిన డబ్బును అందులో వేసేవాళ్లు. పెట్టె నిండితే రాజుగారి లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవాళ్లు. ఆ తర్వాతే అది పనివాళ్ల మీద ఉన్న అధికారుల చేతికి వెళ్లింది. లెక్క అడగనిది ఆ చివరి మనుషులను. పెట్టె దగ్గర మాత్రం ఇద్దరూ ఉండాల్సిందే. ఇంకో వచనం ముందుకు వెళ్లండి, 16కు. అపరాధ పరిహారం, పాప పరిహారం కింద వచ్చే డబ్బు ఆలయానికి తేలేదు, అది యాజకులది. అంటే వాళ్ల భాగం వాళ్లకు విడిగా ఉంది. అధ్యాయం మొత్తంలో నాకు ముఖ్యంగా కనిపించే వచనం అదే, ఎవరూ ఎత్తి చూపించనిదీ అదే.

నా సంగతి ఒకటి చెబుతాను. నేను కూడా కొన్నేళ్లు ఒక సంఘంలో ట్రెజరర్‌ని. మొదట్లో ఆదివారం సంచి ఇంటికి తెచ్చుకుని, సాయంత్రం తీరిగ్గా ఒక్కడినే లెక్కపెట్టేవాణ్ణి. ఒక ఆదివారం నోట్లన్నీ వేరుచేసి, నాణేలు పదేసి చొప్పున వరసలు పేర్చి, మొత్తం కాగితం మీద రాసి భోజనానికి లేచాను. తిరిగొచ్చి ఇంకోసారి లెక్కపెడితే నాలుగు నాణేలు తక్కువ. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ తక్కువే. చిన్న మొత్తమే, నా జేబులోంచి వేసేస్తే సరిపోతుంది. వేయలేకపోయాను. వేస్తే పోయిందని ఒప్పుకున్నట్టు, వేయకపోతే నేను రాసిన కాగితమే నన్ను నిలదీస్తుంది. మూడు రోజులు సరిగా నిద్రపట్టలేదు. నేను తీయలేదని నాకు తెలుసు. ఎలా నిరూపించను? గదిలో నేను తప్ప ఎవరూ లేరు. బుధవారం మంచం కింద ఊడుస్తుంటే దొరికాయి. మా చిన్నవాడు పేర్చిన వరస చూసి ముచ్చటపడి తీసుకెళ్లి బండి చక్రాలుగా ఆడుకున్నాడు. ఆ మరుసటి ఆదివారం నుంచి నేను ఒంటరిగా సంచి ముట్టలేదు. సంఘానికి నామీద అనుమానం వచ్చి కాదు. నాకే నన్ను కాపాడేవాడు ఒకడు కావాలనిపించింది.

యూదుల పాత నియమాల గ్రంథం మిష్నాలో యెరూషలేము ఆలయం గురించి ఒక నియమం ఉంది. కానుకల గదిలోకి డబ్బు తీయడానికి వెళ్లేవాడు అంచు మడిచి కుట్టిన బట్టతో గానీ, చెప్పులతో గానీ, తాయెత్తుతో గానీ వెళ్లకూడదు. ఎక్కడా దాచుకునే చోటు ఉండకూడదన్నమాట. కారణం కూడా చెప్పారు. రేపు అతను బీదవాడైతే ఆ గదిలో చేసిన పాపం తగిలిందంటారు, ధనవంతుడైతే ఆ గదిలోంచే సంపాదించాడంటారు. ఎటు తిరిగినా మాట పడేది వెళ్లినవాడే కాబట్టి, ఆ నియమం వాడి కోసమే. మీ అయ్యగారికి ఈ మాట చెప్పండి. కమిటీ తీర్మానాలకంటే ఇది ఆయనకు తొందరగా అర్థమవుతుందని నా నమ్మకం.

ఇక జీతం సంగతికి వస్తాను, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

సేవకుడికి జీతం కట్టడం అంటే ఆయన్ని ఉద్యోగిని చేయడమని కొందరు బాధపడతారు. పనివాడు తన జీతానికి పాత్రుడని ప్రభువే అన్నాడు, పౌలు తిమోతికి అదే రాశాడు. యెరూషలేము అధిపతి నెహెమ్యా కొంతకాలం లేకుండా పోయి తిరిగొచ్చేసరికి ఆలయ సేవ చేసే లేవీయులకు రావాల్సిన భాగాలు అందలేదు. వాళ్లు ఆలయం వదిలి ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా వాళ్ల భక్తిని తప్పుపట్టలేదు. అధికారులను పిలిచి మందిరాన్ని ఎందుకు వదిలేశారని గద్దించాడు. తర్వాత కొట్ల మీద నమ్మకస్తులని పేరున్న మనుషులను పెట్టాడు. ఒక్కణ్ణి కాదు, ఒక యాజకుడు, ఒక లేఖికుడు, ఒక లేవీయుడు, వాళ్లకు తోడు ఇంకొకడు. నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయంలో ఉంది.

జీతం మాట ఎత్తగానే జార్జి ముల్లర్ పేరు వస్తుంది. వస్తుంది, చూడండి. బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన ఆ మనిషి 1830లో నిర్ణీత జీతం వద్దనుకున్నాడు, నిజమే. ఆ మాట చెప్పేవాళ్లు తర్వాతి సగం చెప్పరు. తన పోషణ కోసం ఎవరైనా ఇవ్వాలనుకుంటే వేయడానికి మందిరంలో ఒక పెట్టె పెట్టించాడు. అది దేనికో అందరికీ తెలుసు. అనాథల కోసం వచ్చిన డబ్బుకు వేరే లెక్క, ఏటా అచ్చువేసిన నివేదిక. విశ్వాసంతో బతికాడు, పెట్టెలు మాత్రం కలపలేదు. మీ అయ్యగారికి జీతం ఇష్టం లేకపోతే ముల్లర్ పద్ధతే పాటించవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ రెండు పెట్టెలు ఉండాలి.

కలిపి ఉంచితే ఏమవుతుందో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహంకు 1950లో తెలిసొచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 1948లో, ఆయనా ఆయన బృందమూ కాలిఫోర్నియాలోని మొడెస్టోలో కూర్చుని డబ్బు విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా ఎలా నడుచుకోవాలో మాట్లాడుకున్నారు. అయినా ఆ కాలపు సువార్తికులందరికీ ఉన్నట్టే, సభలు ముగిసే రోజు ప్రేమ కానుక, అంటే ప్రసంగీకుడి కోసమే పట్టే కానుక, తీసుకునే అలవాటు మాత్రం మిగిలింది. అట్లాంటా సభలు అయ్యాక అక్కడి పత్రిక రెండు ఫొటోలు పక్కపక్కన వేసింది. ఒకదాంట్లో డబ్బు సంచులు మోస్తున్న మనుషులు, ఇంకోదాంట్లో నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్తున్న గ్రాహం. కింద ఏమీ రాయకపోయినా సరిపోయేది. ఆయన దొంగతనం చేయలేదు, ఎవరూ చేశాడని కూడా అనలేదు. తర్వాత ఆయన ప్రేమ కానుకలు మానేసి, ఒక పెద్ద సంఘం పాస్టర్‌కు వచ్చేంత జీతం మీద ఉండిపోయాడు. అంత పేరున్న మనిషికే ఆ రెండు ఫొటోలు చాలాయి. మీ అయ్యగారికి ఇప్పుడు జరుగుతున్నదీ అదే, ఫొటోలు లేవు, గుసగుసలు ఉన్నాయి.

ఎంత ఇవ్వాలి అంటారా? అంకె నేను చెప్పలేను, పద్ధతి చెబుతాను. సంఘంలో మధ్యస్థంగా బతికే కుటుంబాలు ఎలా బతుకుతున్నాయో పెద్దలకు తెలుసు. సేవకుడి ఇల్లు వాళ్లకంటే ఇబ్బందిగా ఉండకూడదు, వాళ్లు కళ్లప్పగించి చూసేంత గొప్పగానూ ఉండకూడదు. ఇంటి అద్దె, పిల్లల చదువు, వైద్యం, ప్రయాణాలు, ఇవన్నీ విడివిడిగా రాయండి. సంఘం పని మీద తిరిగే ఖర్చును జీతంలో కలపొద్దు, అది సంఘం ఖర్చు. వృద్ధాప్యానికి కూడా ఎంతో కొంత నెలనెలా పక్కన పెట్టండి. మొదట్లో నాలుగు కుటుంబాలతో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది తమ కోసం ఏమీ దాచుకోలేదు. అరవై దాటాక సంఘాన్ని వదల్లేక కాదు, వదిలితే ఎలా బతకాలో తెలియక కూర్చున్నవాళ్లను నేను చూశాను. అంకె తేల్చేటప్పుడు ఆయన ఆ గదిలో ఉండకూడదు, ఆయన బంధువులూ ఉండకూడదు. ముందు ఆయన్ని అడిగి అవసరాలు రాసుకోండి, తర్వాత పెద్దలు తేల్చి సంఘానికి చెప్పండి. ఎవరైనా సొంతంగా ఆయన చేతిలో కానుక పెడితే అది ఆయనదే, కవరు మీద ఆయన పేరు రాసి ఇవ్వమనండి చాలు.

జీతం ఒకసారి తేలితే సంచి ఆయన ఇంటికి వెళ్లాల్సిన అవసరమే ఉండదు. గమనించారా, మీరు లాక్కోవాల్సిన పని లేదు. అదే వచ్చేస్తుంది.

మిగతాది మీకు తెలిసిన పనే, త్వరగా చెప్పేస్తాను. బంధుత్వం లేని ఇద్దరు మందిరంలోనే, అందరూ వెళ్లకముందే లెక్కపెట్టాలి. చీటీ మీద మొత్తం రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ ఇద్దరూ మారుతూ ఉండాలి. లెక్కపెట్టేవాడు, పుస్తకం రాసేవాడు ఒకరే కాకూడదు, అంటే మీరు లెక్కపెట్టకండి. అకౌంట్ సంఘం పేరు మీద ఉండాలి, తీయడానికి రెండు సంతకాలు. ఈమధ్య చాలామంది ఫోన్‌లోనే కానుక పంపుతున్నారు. అది ఎవరి నంబరుకు వెళ్తోందో తప్పకుండా చూడండి, సంచి సంగతి సరిచేసుకుని ఫోన్ సంగతి మర్చిపోయిన సంఘాలు ఉన్నాయి. చిల్లర ఖర్చులకు అయ్యగారి దగ్గర ఒక చిన్న మొత్తం ఉంచండి. బిల్లులు ఇచ్చినప్పుడల్లా మళ్లీ నింపండి. ప్రతి చిన్నదానికీ ఆయన మీ దగ్గరికి రావాల్సి వస్తే అది ఇంకో అవమానం అవుతుంది. మూడు నెలలకోసారి జమ, ఖర్చు, నిల్వ సంఘం ముందు చదవండి. ఏడాదికోసారి వేరే సంఘంలోని తెలిసిన అకౌంటెంట్‌తో చూపించండి. రిజిస్ట్రేషన్, పన్నుల సంగతి ఎక్కడి చట్టం అక్కడిది, స్థానికంగా తెలిసినవాళ్లను అడగండి.

ఒక్క జాగ్రత్త. ఎవరు ఎంత వేశారో ఎప్పుడూ చదవకండి. సాయం పొందినవాళ్ల పేర్లు అసలే చదవకండి. పుస్తకంలో వోచర్ నంబరు చాలు, పేరున్న కాగితం ఇద్దరు పెద్దల దగ్గర ఉంటుంది. అద్దె కట్టలేక పాస్టర్ గారి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి, మూడు నెలల తర్వాత తన పేరు మైకులో వింటే మళ్లీ గడప తొక్కడు. లెక్క చూపించడం వేరు, మనిషిని చూపించడం వేరు.

ఆపరేషన్‌కు వాడిన డబ్బు గురించి. ఇది సున్నితమైనది. దీన్ని జీతం బకాయి కింద రాసేసుకుందామని ఎవరో ఒక పెద్దమనిషి అంటాడు. మనసు మంచిదే, కానీ ఆ డబ్బు ఇచ్చినవాళ్లు మందిరం కోసమని ఇచ్చారు. ఇచ్చినవాళ్లను అడగకుండా ఉద్దేశం మార్చే హక్కు కమిటీకి కూడా లేదు. అలాగని ఆయన్ని అప్పు తీర్చమనడం కూడా నాకు సరిగా తోచడం లేదు. జబ్బు చేస్తే ఎవరు చూసుకోవాలో సంఘం ఎప్పుడూ చెప్పలేదు కదా. నేనైతే ఇలా చేస్తాను. వాడిన మొత్తం ఎంతో సంఘం ముందు ఉన్నదున్నట్టు చెప్పి, అమ్మగారి వైద్యం కోసం ప్రత్యేకంగా ఒక ఆదివారం కానుక పట్టి, ఆ వచ్చిన డబ్బును బిల్డింగ్ ఫండ్‌లో జమ చేస్తాను. తక్కువైతే ఇంకో ఆదివారం. గుసగుసలాడేవాళ్లలో కొందరు ఆ రోజు మొదట వేస్తారు. డబ్బు పోయిందని వాళ్లకు బాధ లేదు, తమకు చెప్పలేదని బాధ.

ఇంకా పాత లెక్కల్లోకి వెళ్లకండి. ఇవాళ చేతిలో ఎంత, అకౌంట్‌లో ఎంత, అంతే. దాన్ని మొదటి నిల్వగా రాసి, అయ్యగారూ ఇద్దరు పెద్దలూ సంతకం పెట్టాక మీ పని అక్కడినుంచి మొదలవుతుంది. ఇది దాచిపెట్టడం కాదా అని మీలోని అకౌంటెంట్ అడుగుతాడు. నిజంగా పెద్ద మొత్తం కనిపించకుండా పోయిందనడానికి ఆధారం ఉంటే అది వేరే సంగతి. పెద్ద మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలని పౌలు చెప్పిన దారిలో వెళ్లాలి. మీ ఉత్తరంలో అలాంటి ఆధారం ఒక్కటీ నాకు కనిపించలేదు. ఉన్నది గుసగుస మాత్రమే.

ఆ రెట్టింపు సంగతి: పెట్టొద్దు. 1995లో అమెరికాలో న్యూ ఎరా ఫిలాంత్రపీ అనే ఫౌండేషన్ కూలింది. మా వెనక పేరు చెప్పుకోని దాతలు ఉన్నారు, మీ డబ్బు ఆరు నెలలు మా దగ్గర ఉంచితే రెట్టింపు చేసి ఇస్తామని చెప్పింది. సరిగ్గా మీ బ్రదర్ చెబుతున్న గడువే. క్రైస్తవ సంస్థలు, కాలేజీలు నమ్మి డబ్బు పెట్టాయి. మొదట్లో పెట్టినవాళ్లకు నిజంగానే రెట్టింపు వచ్చింది, కొత్తవాళ్ల డబ్బు తీసి పాతవాళ్లకు ఇచ్చారు కాబట్టి. దాతలు అసలు లేరు. నడిపిన మనిషికి 1997లో 12 ఏళ్ల జైలుశిక్ష పడింది. మోసపోయినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, ముందు డబ్బు అందుకున్నవాళ్లు తమలాంటి విశ్వాసులే అని నమ్మారు. మీ బ్రదర్‌కు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. ఆయనకు కూడా ఎవరో అలాగే చెప్పి ఉంటారు. ఏదేమైనా, ఇతరులు ఒక పని కోసం ఇచ్చిన డబ్బుతో లాభం కోసం సాహసం చేయడం మన పని కాదు. బ్యాంకులో ఊరికే పడి ఉన్నా నష్టం లేదు.

అయ్యగారి దగ్గరికి ఎలా వెళ్లాలో కూడా చెప్పి ముగిస్తాను. మీటింగ్ పెట్టకండి. ఆయన వయసు పెద్దాయన్ని ఒకరిని తోడు తీసుకుని, ఆదివారం కాని రోజు ఇంటికి వెళ్లండి. ముందు ఆ రోజు అందరి ముందూ అడిగినందుకు క్షమాపణ అడగండి, అడగాల్సిందే. లెక్కల పుస్తకం వెంట తీసుకెళ్లకండి, ఒక తెల్ల కాగితం చాలు. సంఘం మీకు నెలకు ఎంత ఇవ్వాలో ఇన్నేళ్లూ ఆలోచించలేదు అయ్యగారూ, ఇప్పుడైనా రాసుకుందామని వచ్చామనండి. ఆయన వద్దంటారు, ప్రభువు చూసుకుంటాడంటారు. కాసేపు కూర్చోండి. అమ్మగారిని కూడా వచ్చి కూర్చోమనండి. ఆ ఇంటికి నెలకు ఎంత కావాలో సరైన అంకె తెలిసింది ఆమెకే, ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను అడిగి ఉండరు.